శ్రీలంకకు వెళ్దామా, వద్దా?



విదేశీయానం అనగానే మనలో చాలామందికి గుర్తుకొచ్చేది పురుడు. అమ్మాయికి నెలలు నిండుతున్నాయంటే అమెరికాకో, ఆస్ట్రేలియాకో ఊరగాయ సీసాలు సర్దుకుని బయలుదేరతాం. ఆరునెలలు అక్కడ వంటా, పసిపిల్లాడి స్నానాలూ చూసుకుని తిరిగి వస్తాం. అది ప్రయాణమేగాని యాత్ర కాదు. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఎవరి పురిటికీ కాకుండా, ఎవరి పిల్లల్నీ ఎత్తుకోనక్కరలేకుండా, కేవలం చూడాలన్న కోరికతో వారం పదిరోజులు పరాయిదేశం వెళ్ళి రావటం గురించి. పెళ్ళయిన పాతికేళ్ళకైనా అలాంటి కోరిక పుడితే తప్పేమీ లేదు కదండీ!

కోరిక పుట్టగానే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న, "ఆ దేశం మంచిదేనా?" అని. పెళ్ళిసంబంధం గురించి అడిగినట్టే అడుగుతారు. ఈ ప్రశ్నకు జవాబు ఉండదని నా అభిప్రాయం. ఒక దేశమంతా ఒక్కసారిగా మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఏ ఊరు, ఏ నెల, ఏ బండిలో, ఎవరితో అని విడగొట్టి అడిగితేనే జవాబులు దొరుకుతాయి. మా ఇంట్లో నడిచిన చర్చ చెబితే మీకు విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

మావారి పేర ఉన్న ఇన్సూరెన్సు పాలసీ ఒకటి గడువు తీరి చేతికి వచ్చింది. మా అబ్బాయి బాలి అన్నాడు. మా అమ్మాయి థాయ్‌లాండ్ అన్నది. మావారు, "మీ అందరికీ ఏది ఇష్టమైతే అదే" అన్నారు, అంటే ఖర్చు తగ్గేదని అర్థం. అప్పటిదాకా జపమాల తిప్పుకుంటూ కూర్చున్న మా అత్తగారు మెల్లిగా, "నన్ను లంకకు తీసుకువెళ్ళండి" అన్నారు.

ఆవిడకు డెబ్బై నాలుగో ఏడు. అష్టాదశ శక్తిపీఠాలలో మన తెలుగునేలమీద ఉన్నవి నాలుగు. కాకినాడలో ఉంటున్నాం కాబట్టి పిఠాపురం, ద్రాక్షారామం మాకు పక్కనే. శ్రీశైలం, అలంపురం మావగారు ఉన్నప్పుడే చూశారు. కంచి, కాశీ, గయ, ఉజ్జయిని కూడా అయ్యాయి. ఆ పద్దెనిమిదింటిలో మొట్టమొదట చెప్పే పేరు లంకలోని శాంకరీదేవిది. శ్రీలంక తూర్పుతీరాన ట్రింకోమలీలో, సముద్రంలోకి చొచ్చుకువచ్చిన కొండమీద కోణేశ్వరాలయం ఉంది. పాత గుడిని పదిహేడో శతాబ్దంలో పోర్చుగీసువారు కూల్చివేశారు. ఇప్పటి గుడి తరువాత కట్టినది. శాంకరీదేవి సన్నిధి ఆ ప్రాంగణంలోనే ఉన్నది. దానితోపాటు నువారా ఎలియా దగ్గర సీతమ్మవారి గుడి ఉంది, అక్కడే అశోకవనం అని చెప్పుకుంటారు. ఈ రెండూ చూడాలని ఆవిడ కోరిక.

"శ్రీలంకా? బాంబులు పేలే దేశం కదమ్మా!" అన్నాడు మా మరిది ఫోనులో. మా తోడికోడలు పక్కనుంచి, "పెట్రోలు కూడా దొరకదట" అన్నది. నేను కాగితం కలం తీసుకుని కూర్చున్నాను. మెట్రిక్ చదివినదానినైనా లెక్కలు వేయటం వచ్చు కదా.

బాంబుల మాట అబద్ధం కాదు. 2019 ఏప్రిల్ 21న, ఈస్టరు నాడు, మూడు చర్చిల్లోనూ కొలంబోలోని మూడు పెద్ద హోటళ్ళలోనూ బాంబులు పేలి రెండువందల యాభైమందికి పైగా చనిపోయారు. వారిలో మన భారతీయులూ ఉన్నారు. అంతకుముందు 1983 నుంచి 2009 వరకూ అక్కడ అంతర్యుద్ధం నడిచింది. పెట్రోలు మాటా అబద్ధం కాదు. 2022లో బంకుల దగ్గర రోజులతరబడి జనం బారులు తీరారు, జూలైలో అధ్యక్షభవనంలోకే చొరబడ్డారు. అయితే ఆ తరువాత ఏమైందో కూడా చూడాలి గదా. 2018లో ఆ దేశానికి 23 లక్షలమంది యాత్రికులు వచ్చారు. బాంబులు, కరోనా, పెట్రోలు కరువు వరసగా వచ్చి ఆ సంఖ్య పడిపోయింది. 2024 నాటికి మళ్ళీ 20 లక్షలు దాటింది. అందులో అందరికంటె ఎక్కువమంది మనదేశంవారే.

మా అబ్బాయి, "బాలికి ఇవేమీ లేవు" అన్నాడు. లేకేమి! 2002 అక్టోబరులో బాలిలో బాంబులు పేలి 202 మంది పోయారు. 2005లో మళ్ళీ పేలాయి. 2017లో అగుంగ్ అగ్నిపర్వతం పొగలు కక్కితే విమానాశ్రయం మూసేశారు. థాయ్‌లాండ్ తీరాన్ని 2004 డిసెంబరులో సునామీ ముంచింది. వాడు ఇవేమీ విననట్టే, ఫోనులో నీలం నీళ్ళ బొమ్మలు చూపించాడు. బాలి అనగానే మనకు నీలం నీళ్ళు గుర్తుకువస్తాయి, శ్రీలంక అనగానే బాంబులు. తేడా దేశాల్లో ఉందా, మనం చూసే బొమ్మల్లో ఉందా? మన దేశం మాటే చూడండి. 2025లో అమెరికా ప్రభుత్వం తన యాత్రికులకు ఇచ్చే హెచ్చరికల్లో నాలుగంచెలుంటే, మనదేశాన్ని రెండో అంచెలో పెట్టి జాగ్రత్తగా ఉండమన్నది. అది చదివి ఎవరైనా, "కాకినాడ వెళ్ళవద్దు, ప్రమాదం" అంటే మనం నవ్వుకోమూ? అట్లాగని ఆ హెచ్చరికలు వట్టివని కాదు. వాటిని చదవటంలో ఒక పద్ధతి ఉంది. పైన వేసిన అంచె చూచి వదిలేయకుండా, కింద ఏ జిల్లా, ఏ కారణం అని రాసినది చదవాలి. మన విదేశాంగశాఖవారూ, ఆ దేశంలోని మన హైకమిషన్‌వారూ ఇచ్చే సూచనలు వీటన్నిటికంటె ముందు చదవాలి.

బాంబును అందరూ తలుచుకుంటారుగాని, బస్సును ఎవరూ తలుచుకోరు. విదేశాలకు సరదాగా వెళ్ళినవారు ప్రాణం పోగొట్టుకునే ముఖ్యకారణాల్లో రోడ్డుప్రమాదాలూ, నీళ్ళలో మునగటమూ ఉన్నాయి. శ్రీలంకలోనే 2025 మే నెలలో కొత్మలే దగ్గర యాత్రికుల బస్సు లోయలో పడి ఇరవైమందికి పైగా చనిపోయారు. అదే సంవత్సరం సెప్టెంబరులో ఎల్లా దగ్గర మరో బస్సు లోయలో పడి 15 మంది పోయారు. రెండూ కొండదారులే. కాబట్టి నా కాగితంమీద మొదటి పంక్తి "చీకటిపడ్డాక కొండదారిలో ప్రయాణం లేదు" అని. రెండోది, "ఒక్కరోజులో రెండు ఊళ్ళు చూపిస్తామనే టూరువాళ్ళు వద్దు." డ్రైవరు నిద్రలేకుండా బండి నడిపితే ఏ దేశమైనా ఒకటే.

బాలి, థాయ్‌లాండుల్లో పిల్లలు దిగీదిగగానే స్కూటరు అద్దెకు తీసుకుంటారు. అక్కడ చెల్లే అంతర్జాతీయ లైసెన్సు లేకుండా నడిపి పడితే, ఇన్సూరెన్సువారు చాలావరకూ డబ్బు ఇవ్వరు. ఈ సంగతి మా అబ్బాయికి తెలియదు. తెలిశాక కూడా ఆ స్కూటరు మాట మాత్రం వదలలేదనుకోండి! శ్రీలంకలో కాండీ నుంచి ఎల్లా వెళ్ళే కొండరైలు చాలా అందమైనది. ఆ రైలు తలుపు దగ్గర వేలాడుతూ ఫోటో తీయించుకోవటం ఒక వేడుకైపోయింది. అలా వేలాడి పడిపోయి చనిపోయిన విదేశీయులున్నారు. మా అమ్మాయి చేత ముందే మాట తీసుకున్నాను. అది నవ్వింది, సరే అన్నది. దాని ఫోటో పిచ్చి నాకు తెలుసు కాబట్టి ఆ మాటను నేను పూర్తిగా నమ్మలేదు.

ఇప్పుడు నెలల సంగతి చెబుతాను. ఇది కాస్త నెమ్మదిగా వినాలి, ఎందుకంటే యాత్రలో సగం మంచిచెడ్డలు ఇక్కడే తేలుతాయి.

శ్రీలంక చిన్నదేశమే అయినా దానికి రెండు వానకాలాలు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వాన పడమటి తీరాన్నీ, దక్షిణాన్నీ, కొండల్నీ తడుపుతుంది. ఆ నెలల్లో కొలంబో, గాలే వైపు సముద్రం పొంగుతూ ఉంటుంది. అదే సమయంలో తూర్పున ట్రింకోమలీ సముద్రం చెరువులాగా ఉంటుంది. శీతకాలంలో ఇది తారుమారు. నవంబరు నుంచి జనవరి దాకా ఈశాన్య రుతుపవనాలు తూర్పుతీరాన కుంభవృష్టి కురిపిస్తాయి, పడమటి తీరం హాయిగా ఉంటుంది. మనవాళ్ళు "డిసెంబరు మంచి సీజను" అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. అది గాలేకు మంచిది. మా అత్తగారి శాంకరీదేవికి కాదు!

మావారు మొదట సంక్రాంతి సెలవుల్లో వెళ్దామన్నారు. పిల్లలు ఇంటిదగ్గర ఉంటారు, అందరం కలిసి వెళ్ళవచ్చునని. ఇంతలో 2025 నవంబరు చివర్లో దిత్వా తుఫాను వచ్చింది. ఆ దేశమంతా వరదలు. కాండీ, బదుల్లా, నువారా ఎలియా జిల్లాల్లో కొండచరియలు విరిగి ఇళ్ళమీద పడ్డాయి. ఆరువందలమందికి పైగా చనిపోయారు. కొండ రైలుమార్గం చాలాచోట్ల దెబ్బతిన్నది. తుఫాను అంటే ఏమిటో తూర్పుతీరంలో పుట్టి పెరిగిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మా ఇంట్లో దూరదర్శన్ ముందు కూర్చుని అందరం మాటలేకుండా చూశాం. మా మరిది మళ్ళీ ఫోను చేసి, "చెప్పానా?" అన్నాడు. బాంబుల గురించి చెప్పినవాడు తుఫాను రాగానే చెప్పాననటం నాకు నచ్చలేదు. కాని సంక్రాంతి ప్రయాణం ఆలోచన మాత్రం అక్కడితో మానుకున్నాం. కొండవాలు వానకు నాని ఉన్న సమయంలో పెద్దావిడను ఆ దారిలో తిప్పటం మంచిది కాదు. మనుషులు తమ ఇళ్ళు వెతుక్కుంటున్నచోటికి వేడుక చూడటానికి పోవటమూ భావ్యం కాదు.

అయితే "వచ్చే ఏడు చూద్దాంలే" అనే మాట ఉందే, అది నాకు అన్నిటికంటె ఎక్కువ భయం కలిగించింది. పాతికేళ్ళ పిల్లకు వచ్చే ఏడు ఉంటుంది. డెబ్బై నాలుగేళ్ళ ఆవిడకు మోకాళ్ళు ఏటికేడు బిగుసుకుపోతున్నాయి. ఈ ఏడు యాభైమెట్లు ఎక్కగలిగినావిడ వచ్చే ఏడు పది ఎక్కగలరో లేదో. వెళ్ళటంలో ప్రమాదాన్ని అందరూ లెక్కవేశారు, వెళ్ళకపోవటంలో పోయేదాన్ని ఎవరూ వేయలేదు. ఈ మాట నేను మావారితో అంటే ఆయన చాలాసేపు ఊరుకుని, "అయితే ఏ నెలలో?" అన్నారు.

రెండు రుతుపవనాలకీ మధ్య మార్చి, ఏప్రిల్ నెలలు ఉన్నాయి. తూర్పున వాన వెలిసి ఉంటుంది, నైరుతి ఇంకా రాదు. సాయంకాలాలు ఉరుములతో జల్లు పడవచ్చు, అంతే. ఏప్రిల్ మధ్యలో సింహళులకూ తమిళులకూ కొత్త సంవత్సరం. అప్పుడు దుకాణాలు మూసేస్తారు, ఊళ్ళోవాళ్ళంతా చల్లదనానికి నువారా ఎలియా ఎక్కుతారు, గదులు దొరకవు. కాబట్టి ఉగాది వెళ్ళాక, ఏప్రిల్ రెండోవారం రాకముందు. చిక్కల్లా ఏమిటంటే, అవి పిల్లల పరీక్షల రోజులు. వాళ్ళు లేకుండా మేం ముగ్గురమే వెళ్ళాలి. ఇంట్లో రెండురోజులు అలకలు నడిచాయి. సరే, యాత్ర ఎవరి కోసమో వారికి అనువైన నెలే చూడాలి కదా!

నెల తేలాక దారి. టూరు కాగితాలన్నీ కొలంబో నుంచి కాండీ, అక్కడినుంచి నువారా ఎలియా, చివర వీలుంటే తూర్పుతీరం అని ఉంటాయి. మేం దాన్ని తిరగేశాం. కొలంబో నుంచి ట్రింకోమలీ సుమారు 260 కిలోమీటర్లు, ఆరుగంటల దారి, కొండలెక్కే పని లేదు. ముందు అక్కడికి వెళ్ళి శాంకరీదేవి దర్శనం చేయించి, ఒకరోజు విశ్రాంతి తీసుకుంటాం. ఆ తరువాత కొండదారి బాగున్నదని అక్కడివారు చెబితే సీతమ్మవారి గుడికి, లేదంటే లేదు. ముఖ్యమైన కోరిక మొదట తీరితే, మిగిలినదాన్ని దారిమధ్యలో వదులుకోవటానికి మనసు ఒప్పుకుంటుంది. చివరికి పెట్టుకుంటే, ఇంతదూరం వచ్చాం గదా అని వానలోనైనా వెళ్ళబుద్ధి అవుతుంది. అపాయాలన్నీ ఆ "ఇంతదూరం వచ్చాం గదా" దగ్గరే మొదలవుతాయండీ.

సిగిరియా కొండ మా జాబితాలో లేదు. పన్నెండువందల మెట్లు! శ్రీపాద శిఖరం అంతకన్నా కష్టం. నువారా ఎలియా ఆరువేల అడుగుల పైన ఉంటుంది, మన అరకు కంటె రెట్టింపు ఎత్తు. చలికి శాలువా, ఉన్ని మేజోళ్ళు తప్పవు.

జబ్బుల సంగతి చూస్తే, మలేరియాను ఆ దేశం పూర్తిగా తరిమేసింది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2016లోనే ఆ మేరకు గుర్తింపు ఇచ్చింది. ఈ విషయంలో వాళ్ళే మనకంటె మేలు. కాని డెంగీ ఉంది. 2017లో లక్షా ఎనభైవేలమందికి పైగా దాని బారిన పడ్డారు. ఆ దోమ పగలే కుడుతుంది కాబట్టి దోమతెర ఒక్కటే చాలదు, చేతులు కప్పే రవికలు, దోమల మందు కావాలి.

పెద్దావిడకు అర్ధరాత్రి గుండెల్లో నొప్పి వస్తే? ఇది నన్ను నిద్రపోనీయని ప్రశ్న. వెతికితే ఒక మంచి సంగతి తెలిసింది. మన హైదరాబాదులో 2005లో మొదలైన 108 అంబులెన్సు ఉంది చూశారూ, దాన్ని నడిపిన సంస్థే మన ప్రభుత్వ సాయంతో 2016లో శ్రీలంకలో అలాంటి సేవను నెలకొల్పింది. అక్కడ దాని నంబరు 1990. పేరు సువసెరియ. మొదట పడమర, దక్షిణ రాష్ట్రాల్లో ఉండేది, తరువాత దేశమంతటికీ విస్తరించారు. ఉచితం. ఆ నంబరు పెద్ద అక్షరాలతో రాసి మా అత్తగారి చేతిసంచీలో పెట్టాను. ఆవిడకు చక్కెర జబ్బు ఉంది కాబట్టి, ఇన్సూరెన్సు కాగితంలో ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తిస్తుందా లేదా అన్న పంక్తి ఎక్కడుందో వెతికి చదివాను. మొదట చూపించిన పాలసీలో వర్తించదని ఉంది. ఖరీదు కొంచెం ఎక్కువైనా మరోటి తీసుకున్నాం. మాత్రలు పెట్టెలో కాక చేతిసంచీలో, డాక్టరు చీటీతో సహా పెట్టుకోవాలని మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఎంత చూసుకున్నా చెప్పకుండా వచ్చేవి వస్తాయి. 2025 సెప్టెంబరులో నేపాల్‌లో ఆందోళనలు చెలరేగి ఖాట్మండు విమానాశ్రయం మూతపడితే, యాత్రకు వెళ్ళిన మన తెలుగువాళ్ళు ఎందరో అక్కడ చిక్కుకుపోయారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానం పెట్టి వారిని తీసుకువచ్చింది. మనకు పాస్‌పోర్టు కూడా అక్కరలేని పొరుగుదేశంలో జరిగిందిది. అదే ఏడు ఏప్రిల్‌లో పహల్‌గాంలో జరిగిన ఘోరం మన సొంత దేశంలోనే. కాబట్టి ఇంటికి దగ్గరైనంతమాత్రాన భద్రం అనుకోవటానికి లేదు. నేపాల్ వార్తలు చూశాక నేను చేసిన ఏర్పాటు ఒకటే. మరో వారంరోజులు ఉండవలసివస్తే సరిపడా డబ్బూ, మందులూ విడిగా కట్టాను. అది ఖర్చుపెట్టే డబ్బు కాదు, తిరిగి ఇంటికి తెచ్చుకోవలసిన డబ్బు. కొలంబోలోని మన హైకమిషన్, కాండీలోని దాని కార్యాలయం చిరునామాలు ఒక కాగితంమీద రాసి, ఒక ప్రతి మా మరిదికే ఇచ్చాను. భయపడేవాళ్ళకు ఒక పని అప్పగిస్తే భయం కాస్త తగ్గుతుంది.

వీసా అనుమతి ఇంటర్నెట్టులో ముందే తీసుకోవచ్చు, దానిని ఈటీఏ అంటారు. నియమాలూ రుసుమూ తరచు మారుతుంటాయి కాబట్టి శ్రీలంక ప్రభుత్వం నడిపే చోటే చూడండి. అచ్చు అలాగే కనిపించే నకిలీ చోట్లు డబ్బు గుంజుతున్నాయి.

ఆడవాళ్ళం కాబట్టి ఇంకో మాట. మీరు కూతుళ్ళతో వెళ్తుంటే, కిక్కిరిసిన బస్సుల్లో అక్కడా మనకు తెలిసిన బాధే ఉంది. రైలులో ముందే సీటు రిజర్వు చేయించుకోండి. సముద్రతీరాన ఎర్రజెండా ఉంటే పాదాలు తడుపుకోవటానికి కూడా దిగనివ్వకండి. మనలో ఈత వచ్చినవాళ్ళు ఎంతమంది?

టిక్కెట్లు కొన్నాం. మా అత్తగారికి చిన్నతనంలో నాలుగేళ్ళు మద్రాసులో గడిపినందువల్ల తమిళం కొద్దిగా వచ్చు. ట్రింకోమలీలో తమిళం మాట్లాడేవారే ఎక్కువని చెప్పగానే ఆవిడ మొహం వెలిగింది. రోజూ సాయంత్రం వీధి అరుగుమీద కూర్చుని మరిచిపోయిన మాటలు గుర్తుచేసుకుంటున్నారు. నిన్న నన్ను పిలిచి, "కింది అంతస్తులో గది కావాలి, మెట్లెక్కలేను అని ఎలా అడగాలో కుదిరింది విను" అని వినిపించారు. నాకు తమిళం రాదుగాని, చాలా స్పష్టంగానే ఉన్నట్టనిపించింది.